కొత్త పరికరం కొనేముందు ఒక పేరా టైపు చేసి చూడండి

మీరు అడిగింది ఇది: “అనువాదాలు చేస్తాను, తెలుగులో బ్లాగు రాస్తాను. ఆరు నెలల్లో నాలుగు యాప్‌లు మార్చాను, ఒక కీబోర్డు, ఒక మైకు కొన్నాను. ఇప్పుడు ముప్పై వేలు పెట్టి టాబ్లెట్ కొనాలని ఉంది. ఇలా కొత్తవి ప్రయత్నిస్తూ ఉంటే నిజంగా పని పెరుగుతుందా?”

కొన్నింటితో పెరుగుతుంది. ఏవి అన్నది పెట్టె మీద రాసి ఉండదు, సమీక్షల్లోనూ దొరకడం కష్టం. సమీక్షలు రాసేవారిలో చాలామంది ఇంగ్లీషులో టైపు చేసి చూసి మార్కులు వేస్తారు. మన పని తెలుగులో. అందుకని ఏ కొత్త వస్తువు వచ్చినా నేను ఒకే విధంగా పరీక్షిస్తాను. నా దగ్గర ఒక పేరా ఉంది. దాన్ని అందులో టైపు చేస్తాను, దాచుతాను, వెతుకుతాను, బయటికి తీస్తాను. అక్కడ నెగ్గితే ఒక అసలు పనిని, అంటే డబ్బు వచ్చే అనువాదాన్నో బ్లాగులో పెట్టే వ్యాసాన్నో, మొదటి నుంచి చివరిదాకా దాని మీదే పూర్తి చేస్తాను. ఆ పేరా ఆఖరున ఇస్తాను. అది ఎలా పుట్టిందో ముందు చెప్పాలి.

2004లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో చేరాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పరీక్షల ముందు గైడ్లు. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకు అను ఫాంట్లు, టైపు చేయడానికి ‘యాపిల్ కీబోర్డు’ అని పిలిచే మీటల అమరిక. ఆ పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరాలు నిజానికి ఇంగ్లీషు అక్షరాల చోట కూర్చోబెట్టిన బొమ్మలు. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగు, లేని కంప్యూటర్‌లో గజిబిజి. ఒక పెద్దాయన తన కథల ఫైలును ఊరికి తీసుకువెళ్లి నెట్ సెంటర్‌లో తెరిచి, కంగారుగా ఫోను చేశారు: “అమ్మా, నా కథలు పోయాయి.” పోలేదు, ఆ కంప్యూటర్‌లో ఫాంటు లేదంతే. కానీ ఆయన గొంతులోని భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగుగా మార్చే లేఖిని అనే వెబ్ పేజీలో ఒక పేజీ టైపు చేసి, ఇంకెవరి కంప్యూటర్‌లోనో తెరిచి చూశాను. తెలుగు తెలుగుగానే ఉంది. యూనికోడ్ అంటే, ప్రతి భాష అక్షరానికీ తనకంటూ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి అంటే ఏమిటో అప్పుడు నాకు తలకెక్కింది. నా బ్లాగు మొదలైంది కూడా ఆ నెలలోనే. తెలుగు బ్లాగుల్లోని కొత్త వ్యాసాలను ఒకచోట చూపించే కూడలి సైటులో నా టపా, అంటే బ్లాగు వ్యాసం, పేరు కనిపించిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

ఇక పరికరాల సంగతి. అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది కీబోర్డు. అది కూడా కొత్త కీబోర్డు కాదు, పాత కీబోర్డు మీద కొత్త అలవాటు. లేఖిని పద్ధతిలో తెలుగు మాటను మనసులోనే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుని కొట్టాలి. బ్లాగుకు అది చాలు. రోజుకు రెండు వేల మాటలు అనువదించేవారికి ఆ మార్పిడి సాయంత్రానికల్లా తలనొప్పి అవుతుంది. అందుకని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. భారతీయ లిపుల కోసం 1991 నాటి భారత ప్రమాణంలోనే ఉన్న మీటల అమరిక అది. విండోస్‌లో, లినక్స్‌లో విడిగా ఏమీ కొనకుండానే దొరుకుతుంది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి వైపు. ఇంగ్లీషు ‘కే’ మీట మీద క, ‘ఎల్’ మీద త, ‘జే’ మీద ర, ‘డి’ మీద పొల్లు, అంటే హల్లులోని అచ్చును తీసేసే గుర్తు. ‘అక్క’ అనడానికి అ, క, పొల్లు, క. మాటను ఎలా పలుకుతామో వేళ్లూ అదే వరుసలో నడుస్తాయి. మొదటి వారం ఏడుపు వచ్చినంత పని అయింది, ఎందుకంటే వేళ్లకు యాపిల్ కీబోర్డు జ్ఞాపకం పోదు. మూడో వారానికి వేగం అందుకుంది. ఇప్పుడు కళ్లు మూల పాఠం మీదే ఉంటాయి. మీరు కొన్న కీబోర్డు ఎంత ఖరీదైనదైనా సరే, దాని మీద ఏ అమరికలో టైపు చేస్తున్నారో చూసుకోండి. వేలు పోసి కొన్న మీటల కన్నా ఆ మూడు వారాల సాధన నాకు ఎక్కువ ఇచ్చింది.

యాప్‌ల విషయంలో దెబ్బ తిన్నాను. చాలా అందంగా ఉండే ఒక నోట్సు యాప్‌లో రెండేళ్లు రాసుకున్నాను: అనువాదాల పదపట్టికలు, బ్లాగు కోసం చిత్తుప్రతులు, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన సంగతులు. ఒకరోజు ఆ సేవ ఆపేస్తున్నామని ఉత్తరం వచ్చింది. బయటికి తీసుకోవడానికి ఉన్న దారి ఒక్కటే, పీడీఎఫ్. చూడటానికి పేజీలు ముచ్చటగా ఉన్నాయి. కాపీ చేసి వేరేచోట అతికిస్తే వత్తులు ఒకచోట, గుడులు ఒకచోట, మాటల మధ్య ఖాళీలు. పీడీఎఫ్‌లో దాగేది ప్రధానంగా అక్షరాల ఆకారాలు. తెలుగు వంటి లిపిలో ఆ ఆకారాల నుంచి తిరిగి అక్షరాలను రాబట్టడం తరచు కుదరదు. చివరికి ఆ పేజీలను బొమ్మలుగా మార్చి, గూగుల్ డాక్స్‌లో తెరిచి, బొమ్మలోని అక్షరాలను గుర్తించే సౌకర్యంతో మళ్లీ పాఠంగా మార్చుకున్నాను. నూటికి తొంభై మాటలు బాగానే వచ్చాయి, మిగతావి కూర్చుని దిద్దాను. పదకొండు రోజులు పట్టింది.

అప్పటి నుంచి ఏ యాప్‌లోకైనా అడుగుపెట్టిన మొదటి రోజే బయటికి వచ్చే ద్వారం చూస్తాను. మామూలు పాఠం ఫైలుగా దింపుకోగలనా? దింపిన ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు చెక్కుచెదరకుండా ఉందా? బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ మొత్తం బ్లాగును ఫైలుగా దింపుకోనిస్తాయి. నెలకోసారి ఆ పని చేస్తాను.

వెతకడం కూడా చూడాలి. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ‘ఫోన్‌లో’ అని న, ల విడివిడిగా కనిపించాలంటే పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పడాలి. దాన్ని సున్నా వెడల్పు విభజకం అంటారు. అది లేకపోతే ‘ఫోన్లో’ అవుతుంది. చదివేవారికి రెండూ ఒకే మాట. చాలా యాప్‌లకు అవి రెండు వేర్వేరు మాటలు. ఒక పద్ధతిలో రాసి, ఇంకో పద్ధతిలో వెతికితే దొరకదు. ఒక ప్రభుత్వ కరపత్రం అనువాదంలో ఒక మాటను అన్నిచోట్లా మార్చమని కంప్యూటర్‌కు చెప్పి, మారిందనుకుని పంపించాను. పద్నాలుగు చోట్ల మారలేదు. కారణం ఈ కనిపించని అక్షరమే. అందుకే నా పేరాలో ఆ మాట రెండు రూపాల్లోనూ ఉంటుంది.

వెనక్కి చెరిపే మీటను కూడా పరీక్షించండి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఒకసారి నొక్కితే దీర్ఘం మాత్రమే పోవాలి. కొన్ని యాప్‌లలో మొత్తం అక్షరమే మాయమవుతుంది. రోజంతా దిద్దుబాట్లు చేసేవారికి ఈ తేడా చిన్నది కాదు.

మైకు గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు కానీ, నా బ్లాగుకు ప్రాణం పోసింది అదే. మా పెద్దమ్మకు ఎనభై దాటాయి. అరిసెల గురించి ఆమె చెప్పేది రాసుకోవాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను. మొదటిసారి ఫోనును వంటగదిలో గట్టు మీద పెట్టి రికార్డు చేశాను. ఇంటికి వచ్చి వింటే ఫ్యాను హోరు, వీధిలో ఆటో, కుక్కరు కూత, వాటి అడుగున ఎక్కడో పెద్దమ్మ. మాటలు విని తనంతట తానే టైపు చేసే సౌకర్యానికి ఆ రికార్డును వినిపిస్తే ‘ఉండపాకం’ కాస్తా ‘ఉండు పాపం’ అయింది, ‘చలిమిడి’ ‘చలి మడి’ అయింది. ఉండపాకం అంటే తెలుసు కదా: బెల్లం పాకాన్ని నీళ్లలో వేస్తే చేతికి మెత్తటి ఉండగా రావాలి. తీగపాకం దగ్గరే ఆపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి అవుతుంది. ఆ ఒక్క మాట తప్పు పడితే మొత్తం టపా వృథా.

తర్వాత ఎనిమిది వందల రూపాయలకు చీరకు పెట్టుకునే చిన్న మైకు కొన్నాను. రెండోసారి వెళ్లినప్పుడు దాన్ని పెద్దమ్మ పైట అంచుకు, గడ్డానికి జానెడు కిందుగా తగిలించాను. ఫ్యాను ఆపాను. పిండి తడిగా ఉండాలని చెబుతూ ఆమె గుప్పిట బిగించి తెరిచిన చప్పుడు కూడా రికార్డులో ఉంది. ఖరీదైన మైకు వల్ల వచ్చిన మార్పు కాదిది, దగ్గరగా పెట్టడం వల్ల వచ్చింది. అయినా యంత్రం ఆమె మాటలను సరిగా పట్టలేదు. పళ్లు లేని నోరు, మా ఊరి పలుకుబడి. అప్పుడు ఇంకో దారి దొరికింది. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని ఆమె మాట వింటూ, దాన్నే నా గొంతుతో తిరిగి ఫోనుకు చెప్పాను. నా గొంతును అది బాగానే పట్టింది. ఇదివరకు నలభై నిమిషాల రికార్డును టైపు చేయడానికి మూడు సాయంత్రాలు పట్టేది. ఇప్పుడు ఒకటిన్నర.

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు కాగితంలా కనిపించే ఇ-ఇంకు తెర ఉన్న రాతపలక తెచ్చి ఇచ్చాడు. చేత్తో రాస్తే టైపు అయిపోతుందని ఆశపడ్డాను. దానికి తెలుగు చేతిరాత తెలియదు. రెండు నెలలు సొరుగులో ఉంది. ఒకరోజు రెండు వందల పేజీల పుస్తకం ప్రూఫులు వచ్చాయి. కంప్యూటర్ తెర మీద చూస్తే కళ్లు మండుతాయి, ప్రింటు తీస్తే కాగితం ఖర్చు. ఆ పలక మీదికి ఎక్కించి, పాత డీటీపీ రోజుల్లోలాగే మార్జిన్‌లో గుర్తులు పెడుతూ చదివాను. ఇప్పుడు ప్రూఫులన్నీ దాని మీదే. కాబట్టి ఒక పరికరం అనుకున్న పనికి రాలేదని వెంటనే అమ్మేయకండి. మీ పనిలో ఏ భాగం మీ ఒంటిని ఎక్కువ అలసట పెడుతోందో ఆ భాగానికి దాన్ని ఒకసారి వాడి చూడండి.

కృత్రిమ మేధ సాధనాల విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిది. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఇటువంటివి వరుసగా వాడి చూస్తున్నాను. పదపట్టిక సరిచూడటానికి, ఒకే మాటను రెండు రకాలుగా రాశానేమో పట్టుకోవడానికి చాలా ఉపయోగం. అనువాదం మాత్రం చదివి చూసుకోవాల్సిందే. వరి సాగు కరపత్రంలో ‘టాప్ డ్రెస్సింగ్’ అన్నదాన్ని ఒక సాధనం ‘పై అలంకరణ’ అని ఇచ్చింది. రైతుకు అది పైపాటుగా ఎరువు వేయడం. వాక్యం నున్నగా ఉంది, వ్యాకరణం తప్పు లేదు, పొలంలో మాత్రం దానికి అర్థం లేదు. తప్పు నున్నగా ఉంటే కన్ను దాని మీద ఆగదు, అదే నాకు భయం. ఇంకొకటి, పని ఇచ్చినవారి పత్రాలను వాళ్ల అనుమతి లేకుండా ఇలాంటి వాటిలో అతికించవద్దు. బ్లాగు టపాలను నేను వీటితో రాయించను. పెద్దమ్మ మాటను నున్నగా చేస్తే అది పెద్దమ్మ మాట కాకుండా పోతుంది.

టాబ్లెట్ సంగతి. కొనేముందు తెలిసినవాళ్ల దగ్గర పది రోజులు అడిగి తెచ్చుకోండి. తెర మీద కనిపించే కీబోర్డులో తెలుగు ఉంటే సరిపోదు. మీరు విడిగా తగిలించే కీబోర్డులో మీకు అలవాటైన తెలుగు అమరిక వస్తుందో లేదో చూడండి. చాలామంది అక్కడే మోసపోతారు. కొన్న తర్వాత తెలిస్తే ముప్పై వేలు సినిమాలు చూడటానికే పనికొస్తాయి. పది రోజుల్లో ఒక అనువాదం, ఒక టపా దాని మీద పూర్తయితే కొనండి. కాకపోతే ఆ డబ్బుతో మంచి కుర్చీ, ఒక బయటి హార్డ్‌డిస్కు కొనుక్కోండి.

ఇదిగో నా పేరా. కాపీ చేసుకోకుండా టైపు చేయండి. వత్తు కింద వత్తు సరిగా కూర్చుందా, ఋ, ఱ, ఙ, విసర్గ దొరికాయా, దాచి తెరిచాక అలాగే ఉన్నాయా చూడండి:

“శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా స్త్రీలు చెప్పుకున్న వాఙ్మయం, ఋతువులు, దుఃఖాలు, ఉత్ప్రేక్షలు. జ్ఞానం, కార్త్స్న్యం, ఱంపం. రాష్ట్రంలో, రాష్ట్రాల్లో. ఫోన్‌లో, ఫోన్లో. ఎకరాకు 25 కిలోలు, రూ. 1,25,000. ‘ఉండపాకం వచ్చాకే పిండి పోయాలమ్మాయ్, ముందు కాదు.’”