కుడి చెయ్యి, ఎడమ చెయ్యి పక్కపక్కన పెట్టి చూడు

అమ్మలూ,

పెదనాన్న ఆశీస్సులు. క్రీడాకారుల ఫొటోలు, వాళ్ల స్కాన్‌లు పక్కపక్కన పెట్టి ప్రదర్శన చేస్తానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచీ నా మనసంతా దానిమీదే ఉంది. ముప్పై రెండేళ్లు ఎక్స్‌రేలు, ఎంఆర్‌ఐలు చూసి రిపోర్టులు రాసినవాణ్ణి. ఫోన్లో తొందరలో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

ఆటగాడి ఒంటిని మామూలు మనిషి ఒంటితో పోల్చాలని నీకు అనిపిస్తుంది. అంతకంటే మంచి పోలిక ఆ ఒక్క మనిషిలోనే దొరుకుతుంది. 84 మంది ప్రొఫెషనల్ టెన్నిస్ ఆటగాళ్ల చేతులకు ఎక్స్‌రేలు తీసి కొలిచిన అధ్యయనం ఒకటి 1977లో వచ్చింది. భుజానికీ మోచేతికీ మధ్య ఉన్న ఎముక గట్టి పొర, రాకెట్ పట్టే చేతిలో రెండో చేతి కంటే మగవాళ్లలో 34.9 శాతం, ఆడవాళ్లలో 28.4 శాతం మందంగా ఉంది. రెండు చేతులకూ తిండి ఒకటే, వయసు ఒకటే. తేడా ఆట తెచ్చిందే. అందుకని ఎవరిని ఫొటో తీసినా రెండు వైపులూ తియ్యి. కెమెరా దూరం, ఎత్తు, లైటు మార్చకు. లైటు ఎదురుగా పెడితే కండరం చదునుగా పడుతుంది, పక్కనుంచి పెట్టు.

అలాగని ప్రదర్శన కోసం ఎవరికీ కొత్తగా ఎక్స్‌రే, సీటీ తీయించొద్దు. వైద్యం అవసరం లేకుండా రేడియేషన్ ఇవ్వడం తప్పు. వాళ్ల దగ్గర ఉన్న పాత ఫిల్ములు అడుగు. కొత్తవి కావాలంటే ఎంఆర్‌ఐ, అల్ట్రాసౌండ్ చాలు. ఎంఆర్‌ఐ ప్రాక్టీసుకు ముందే తీయించు. గట్టిగా శ్రమపడిన కండరం కాసేపు స్కాన్‌లో వేరేగా మెరుస్తుంది, దాన్ని చూసి దెబ్బ అనుకునే ప్రమాదం ఉంది.

1880లలో పారిస్‌లో మారే అనే శాస్త్రవేత్త మనిషికి నల్ల దుస్తులు తొడిగి, చేతుల వెంట, కాళ్ల వెంట తెల్ల గీతలు అతికించి నడిపించాడు, పరుగెత్తించాడు. ఒకే ప్లేటుమీద వరసగా ఫొటోలు తీస్తే మనిషి మాయమై, కదలిక ఒక్కటే గీతలుగా మిగిలింది. నువ్వు కూడా ప్రతి ఫొటోలో ఏం చూపించాలో ముందు తేల్చుకో, మిగతాదంతా చీకట్లోకి నెట్టెయ్యి.

కండలు బాగా కనిపించేవాళ్లనే ఎంచుకోకు తల్లీ. బోస్టన్ మారథాన్ ఏడుసార్లు గెలిచిన క్లారెన్స్ డిమార్ 1958లో పోయాక పోస్ట్‌మార్టంలో చూస్తే, ఆయన గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు మామూలు వాటికంటే రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉన్నాయి. సన్నగా పుల్లలా ఉండే పరుగుల పిల్ల ఫొటో పక్కన ఆమె గుండె ఎంఆర్‌ఐ పెట్టి చూడు. నాకైతే నీ ప్రదర్శనలో మొదటి గోడ అదే కావాలి.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మామూలు చెకప్‌లో భాగంగా జావెలిన్ విసిరే కుర్రాడి భుజం స్కాన్ నా దగ్గరికి వచ్చింది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండాన్ కొద్దిగా చిరిగిందని రాసి పంపేశాను. నొప్పి ఉందా అని అతణ్ణి పిలిచి అడగలేదు. నొప్పే లేదట. నా కాగితం చూసి భయపడి ఆ సీజనంతా జావెలిన్ ముట్టుకోలేదు. తర్వాత 2003లో వచ్చిన ఒక అధ్యయనం చదివి చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. భుజం నొప్పి లేని 20 మంది మేటి ఆటగాళ్లలో 8 మందికి ఆడే చేతివైపు అలాంటి చిరుగులే కనిపించాయి. రెండో వైపు ఒక్కరికీ లేవు. ఐదేళ్ల తర్వాత అడిగినా వాళ్లు భుజం బాధేమీ లేదన్నారు. కాబట్టి స్కాన్ కింద ‘గాయం’ అని రాసేముందు ఆ మనిషిని అడుగు. చూసింది చూసినట్టు రాయి, నొప్పి సంగతి వాళ్ల మాటల్లోనే పెట్టు.

ఫొటోకు అందని గాయమూ ఉంటుంది. 2022లో మన బ్యాడ్మింటన్ సింధు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో నొప్పితోనే ఆడి బంగారు పతకం గెలిచింది. హైదరాబాద్ వచ్చి ఎంఆర్‌ఐ తీయించుకుంటే ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడిన ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి పగులు, అని తేలింది, ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుంది. పతకం వేసుకున్న ఫొటోలో ఆ పగులు ఎక్కడ కనిపిస్తుంది?

ఆ సంగతి ఆమే స్వయంగా బయటపెట్టింది. నీ దగ్గరికి వచ్చేవాళ్లకూ ఆ హక్కు ఉండాలి. ఒక్క స్కాన్ బయటికి పొక్కితే సెలెక్షన్ పోవచ్చు, స్పాన్సర్ జారిపోవచ్చు. ఫిల్ము మూలన ఉండే పేరు, తేదీ చెరిపెయ్యి. కంప్యూటర్ ఫైలు లోపల కూడా అవి దాగి ఉంటాయి, టెక్నీషియన్‌తో చెరిపించు. అనుమతి రాతలో తీసుకో, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అందులోనే రాయి. పిల్లలైతే అమ్మానాన్నల సంతకం కూడా. అమ్మాయిల ఫొటోలు తీసేటప్పుడు వాళ్లకు నమ్మకమైన ఆడమనిషి గదిలో ఉండాలి. తీసినవి అక్కడే చూపించు, వద్దన్నవి వాళ్ల ముందే తీసెయ్యి. ప్రతి స్కాన్‌నూ రేడియాలజిస్టు చూడాలి. అనుకోనిదేదైనా కనిపిస్తే గోడమీదికి ఎక్కేముందు ఆ మనిషికి తెలియాలి.

ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసే నా పాత వ్యూ బాక్స్ అటక మీద ఉంది. లైట్లు మార్పించాను, బాగా వెలుగుతోంది. మొదటి జత ఫిల్ములు రాగానే ఆదివారం పట్టుకురా. ఇద్దరం కూర్చుని కుడి, ఎడమ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ పెదనాన్న