ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌ను వదులుకోవద్దు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఒక పల్లె. కౌలుకు తీసుకున్న చెరువులో రొయ్యలు సాగు చేస్తాను. మా అమ్మాయి పట్టణంలోని డిగ్రీ కళాశాలలో మైక్రోబయాలజీతో బీఎస్సీ చదువుతోంది. వచ్చే సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్ అట. 3,000 రూపాయలు కడితే వెళ్లకుండానే సర్టిఫికెట్ ఇచ్చేవారున్నారని తోటి పిల్లలు చెబుతున్నారు. అలా సర్టిఫికెట్ తీసుకుని, ఆ నెలల్లో హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంచి, 45,000 రూపాయల స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోర్సు చేయించమని మా బావమరిది సలహా. నిరుడు మా మేనల్లుడు 78 శాతం మార్కులతో బీఎస్సీ పూర్తిచేసి మూడు ఇంటర్వ్యూలకు వెళ్లి, నోరు విప్పలేక తిరిగొచ్చాడు. మా అమ్మాయికీ అదే గతి పడుతుందేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ సర్టిఫికెట్ కొనవద్దు. ఆ కోర్సు కోసం ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌ను వదులుకోవద్దు. ఏ నేర్పు కోసం అమ్మాయిని హైదరాబాద్ పంపాలనుకుంటున్నారో, అది పట్టుబడే చోటు మీ ప్రాంతంలోనే ఉంది.

మీ మేనల్లుడి సంగతితో మొదలుపెడతాను. పిల్లవాడు ఇంటర్వ్యూలో మాట్లాడలేకపోయాడనగానే, ఇంగ్లిష్ రాకపోవడమే కారణమని ఇంటిల్లిపాదీ అనుకోవడం సహజం. ఎంపిక బృందాల్లో కూర్చున్నప్పుడు నేను గమనించింది మాత్రం వేరు. తడబడుతూ, వ్యాకరణం తప్పుతూ మాట్లాడినా సరే, తన చేతులతో చేసిన పని గురించి చెప్పే విద్యార్థిని ఎదుటివారు ఓపికగా వింటారు, మధ్యలో సందేహాలు అడుగుతారు, అలా మాట సాగుతుంది. "ప్రాజెక్టులో నువ్వు చేసిన పని ఏమిటి?" అన్న ప్రశ్నకు చెప్పుకోవడానికి సొంత పని ఏదీ లేని విద్యార్థి, ఎంత చక్కని ఇంగ్లిష్ వచ్చినా, రెండో వాక్యం దగ్గర ఆగిపోతాడు. కేంద్ర ప్రభుత్వం వెలువరించిన 2023–24 ఆర్థిక సర్వే, దేశ యువతలో 51.25 శాతం మందిని మాత్రమే ఉద్యోగానికి తగినవారుగా పేర్కొంది. కళాశాల నుంచి బయటికి వస్తున్న ప్రతి ఇద్దరిలో దాదాపు ఒకరు పనికి సిద్ధంగా లేరన్న మాట. ఈ లోటు మార్కుల జాబితాలో కనిపించదు కాబట్టే 78 శాతం వచ్చిన పిల్లవాడి ఇంట్లో అంత ఆశ్చర్యం, అంత బాధ.

ఈ లోటు పూడ్చాలన్న ఉద్దేశంతోనే ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020–21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించి, మూడేళ్ల చదువులో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం తర్వాత వేసవిలో 2 నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత మరో 2 నెలల ఇంటర్న్‌షిప్, మూడో సంవత్సరంలో ఒక సెమిస్టర్ మొత్తం ఏదైనా సంస్థలో పని. మీ అమ్మాయికి ఇచ్చే లాగ్‌బుక్‌ను ఒకసారి మీరే తెరిచి చూడండి. ఏ రోజు ఏ పని చేసింది, దాని వల్ల ఏం నేర్చుకుంది అన్నవి రాసి, పక్కన సంస్థ ఇన్‌చార్జి సంతకం తీసుకోవాలి. వారం చివర నివేదిక రాయాలి. మాట్లాడే తీరు, నలుగురితో కలిసి పనిచేసే తీరు ఎలా మెరుగుపడ్డాయో రాయడానికి కూడా అందులో విడిగా పేజీలున్నాయి. సర్టిఫికెట్ కొన్న విద్యార్థులు ఈ పేజీలను ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎక్కించుకుంటారు. ఆ తర్వాత ఇంటర్వ్యూలో "సూక్ష్మజీవులను పెంచే ప్లేట్లను ఇంక్యుబేటర్‌లో, అంటే వెచ్చగా ఉంచే పెట్టెలో, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని గంటలు ఉంచేవారు?" అని అడిగితే నేల చూపులు చూస్తారు. ఆ క్షణాన పోయేది ఒక్క ఉద్యోగమే కాదు, బయోడేటాలో నిజాయితీగా రాసుకున్న మిగతా విషయాలనూ ఎదుటివారు నమ్మడం మానేస్తారు.

ఇక ఎక్కడికి పంపాలన్నది. మైక్రోబయాలజీ చదివిన పిల్లకు, అందులోనూ భీమవరం ప్రాంతంలో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులోని క్వాలిటీ ల్యాబ్ కంటే తగిన చోటు నాకు తోచడం లేదు. రైతుగా మీకు ఆ ప్లాంటు గేటు వరకు తెలుసు: పట్టుబడి రోజున కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఎంత, ఆ కౌంట్‌కు ఏజెంటు చెప్పే ధర ఎంత. గేటు లోపల అదే రొయ్య తల తీయించుకుని, కడిగించుకుని, గ్రేడింగ్ దాటి, గడ్డకట్టి, మైనస్ 18 డిగ్రీల గోదాములోకి చేరే దారిలో దాని నమూనాలు ల్యాబ్‌కు వెళతాయి. సూక్ష్మజీవుల సంఖ్య పరిమితిలో ఉందా, జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉందా, నిషేధించిన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయోటిక్ మందుల అవశేషాలు ఉన్నాయా అని అక్కడ చూస్తారు. ఐరోపా సమాఖ్య 2016లో మన దేశపు పెంపకపు రొయ్యల్లో తాము పరీక్షించే సరుకు వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఇక్కడి ల్యాబ్‌లో ఒక అంకె తప్పితే అక్కడి రేవులో కంటైనర్ ఆగుతుంది, ఆ నష్టం తిరిగి తిరిగి మీ వంటి రైతుకు ఇచ్చే ధర వరకూ వస్తుంది.

ఆ ల్యాబ్‌లో సాఫ్ట్ స్కిల్స్ (నలుగురితో మాట్లాడే, మెలిగే నేర్పు) అన్న మాట ఒక్కసారైనా వినిపించకపోవచ్చు, కానీ రోజంతా అక్కడ జరిగేది ఆ సాధనే. షిఫ్టు మారేటప్పుడు ఏ నమూనాను ఎన్ని గంటలకు ఇంక్యుబేటర్‌లో పెట్టారో తర్వాత వచ్చినవారికి తేటగా అప్పగించాలి; ఒక్క వాక్యం మరిచిపోతే ఆ ప్లేటు పనికిరాకుండా పోతుంది. రిజిస్టరులో రాసింది మరొకరు చదివి అర్థం చేసుకునేలా ఉండాలి. తల తీసే హాలులో ఉదయం నుంచి నిలబడి పనిచేస్తున్న, వయసులో తన తల్లి అంతటి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వారి పనికి అడ్డం రాకుండా, వారి మనసు నొచ్చుకోకుండా నమూనా తీసుకోవాలి. అన్నిటికంటే కష్టమైనది, తాను ఒక లేబుల్ తప్పుగా అతికించానని గ్రహించిన నిమిషంలోనే ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి "మేడమ్, నా వల్ల పొరపాటు జరిగింది" అని చెప్పగలగడం. నా అనుభవంలో యజమానులు కొత్త ఉద్యోగిలో అన్నిటికంటే ముందు వెతికేది ఈ గుణమే. దీన్ని తరగతి గదిలో నాటకంలా అభ్యాసం చేయించవచ్చు గానీ, నిజమైన పొరపాటు, నిజమైన పర్యవసానం ఎదురుగా ఉన్నప్పుడు తప్ప అది ఒంటబట్టదు.

ప్లాంటులో అవకాశం సంపాదించడానికి రెండు దారులూ వాడండి. మొదటిది కళాశాల. ప్రిన్సిపాల్ సంతకంతో, విద్యార్థిని ఏ ఏ పరీక్షలు నేర్చుకోవాలనుకుంటోందో స్పష్టంగా రాసిన లేఖ తీసుకోండి. రెండోది మీ సొంత పరిచయం. మీ దగ్గర సరుకు కొనే ఏజెంటు ద్వారా ల్యాబ్ ఇన్‌చార్జిని కలవడానికి మొహమాటపడవద్దు. అయితే "మా అమ్మాయికి సర్టిఫికెట్ ఇప్పించండి" అనకుండా, "పని నేర్పించండి, తప్పు చేస్తే చెప్పండి" అని అడగండి. అక్కడ మీకంటే అమ్మాయే మాట్లాడితే మరీ మంచిది. పగటి షిఫ్టు, ప్లాంటు బస్సులో రాకపోకలు, ల్యాబ్‌లో ఆమె ఎవరి కింద పనిచేస్తుందన్నది ముందే మాట్లాడుకోండి. ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికి ఎవరైనా డబ్బు అడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

కళాశాల బాధ్యత లేఖతో తీరిపోదని కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే తల్లిదండ్రులు అడిగితేనే కొన్ని విషయాలు కదులుతాయి. పరిశ్రమలతో ఒప్పందాలు కుదుర్చుకున్నామని దాదాపు ప్రతి కళాశాలా చెబుతుంది. ఒప్పందం కింద ఎంతమంది విద్యార్థులు వెళ్లారు, వారిని చూడటానికి అధ్యాపకులు నెలకు ఎన్నిసార్లు వెళ్లారు, అక్కడ తెలిసిన కొత్త విషయం ఏదైనా పాఠంలోకి వచ్చిందా అని అడగండి. బిట్స్ పిలానీ అనే ఇంజినీరింగ్ విద్యాసంస్థ 1973 నుంచి నడుపుతున్న ప్రాక్టీస్ స్కూల్ పేరు మీరు విని ఉండకపోవచ్చు. అక్కడ విద్యార్థులు రెండో సంవత్సరం తర్వాత 2 నెలలు, చివరి ఏడాది 5 నెలలకు పైగా సంస్థల్లో పనిచేస్తారు. అధ్యాపకులు ఆ పనిని దగ్గరుండి గమనించి, మార్కులు వేస్తారు. ఆ పద్ధతి ఇన్నేళ్లు నిలవడానికి విద్యార్థి వెంట గురువు కూడా పరిశ్రమలో అడుగుపెట్టడమే ముఖ్య కారణమని నా నమ్మకం. మన జిల్లా కళాశాలలకు అంత వనరులు లేవు, నిజమే. కానీ మైక్రోబయాలజీ అధ్యాపకులు పదిహేను రోజులకు ఒకసారి బస్సెక్కి ప్లాంటుకు వెళ్లి, లాగ్‌బుక్ చూసి, ఇన్‌చార్జితో పావుగంట మాట్లాడి రావడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఈ మాట ప్రిన్సిపాల్ గారితో మర్యాదగా, గట్టిగా చెప్పండి. మరో నలుగురు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళితే ఇంకా మంచిది.

ఇంగ్లిష్ అవసరం లేదని నేననడం లేదు. లాగ్‌బుక్‌ను మీ అమ్మాయి రోజూ తన సొంత ఇంగ్లిష్‌లో, ఎవరి వాక్యాలూ ఎక్కించుకోకుండా రాయాలి. దానికి ముందు, రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు చేసిన పని మీకు తెలుగులో చెప్పమనండి. రొయ్య గురించి మీకు తెలుసు, ల్యాబ్ గురించి తెలియదు; కాబట్టి మీ ప్రశ్నలు ఆమెకు నిజమైన పరీక్ష. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగిన విషయాన్ని మర్నాడు ఇంగ్లిష్‌లో రాయడం ఎంత తేలికవుతుందో ఆమెకే తెలుస్తుంది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ శిక్షణలు ఏవైనా మీ కళాశాలలో జరుగుతున్నాయేమో కనుక్కుని, ఉంటే చేరమనండి. ఇవన్నీ అయ్యాక కూడా కోర్సు కావాలని ఆమె అనుకుంటే, డిగ్రీ చేతికొచ్చిన తర్వాత ఆలోచించవచ్చు.

డిగ్రీ పూర్తయ్యాక మరో మెట్టు ఉంది. కేంద్ర విద్యాశాఖ నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం ఒకప్పుడు ఇంజినీరింగ్, డిప్లొమా వారికే పరిమితం. ఇప్పుడు సైన్స్, కామర్స్, ఆర్ట్స్ పట్టభద్రులకూ వర్తిస్తుంది. ఏడాది పాటు సంస్థలో పని నేర్పిస్తూ స్టైపెండ్ ఇస్తారు. 2019 నిబంధనల్లో పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలుగా నిర్ణయించారు, అందులో సగం వరకు ప్రభుత్వం భరిస్తుంది. దరఖాస్తు ఆ పథకం పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. ఈ పథకానికి మీ అమ్మాయి ఇంకా కొన్ని నెలలు ఆగాలి గానీ, నిరుడు డిగ్రీ పూర్తిచేసిన మీ మేనల్లుడు ఆగనక్కర్లేదు. అతన్ని ఈ వారమే పేరు నమోదు చేసుకోమనండి. అమ్మాయి కోసం ల్యాబ్ ఇన్‌చార్జిని కలవడానికి వెళ్లే రోజున వీలైతే అతన్నీ వెంట తీసుకెళ్లి, అప్రెంటిస్‌లను తీసుకునే ఆలోచన వారికుందేమో అతని చేతే అడిగించండి.