సీ లైబ్రరీని పైథాన్ నుంచి వాడే ఇంటర్న్‌షిప్‌లో చేరవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ బాగా వచ్చు. సీ మొదటి ఏడాదితోనే వదిలేశాను. ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక చిన్న సంస్థ ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తానంటోంది. లిబ్‌యూవీ అనే సీ లైబ్రరీని పైథాన్ నుంచి వాడటమే పని అట. నాన్నగారు మాత్రం మారతహళ్లిలో జావా ఫుల్‌స్టాక్ కోర్సులో చేరమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ఇంటర్న్‌షిప్‌లోనే చేరండి, అయితే సీ భాషను మళ్లీ మొదటి నుంచి చదువుకోండి.

లిబ్‌యూవీ ఏదో మూలన పడి ఉన్న లైబ్రరీ కాదు. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే, 2009లో వచ్చిన నోడ్ జేఎస్‌ను విండోస్‌లో కూడా చక్కగా నడపవలసిన అవసరం నుంచి అది 2011లో పుట్టింది. అనేక కనెక్షన్లలో ఏం జరుగుతోందో కనిపెట్టి చెప్పడానికి లినక్స్‌లో ఈపోల్, మ్యాక్‌లో కేక్యూ, విండోస్‌లో ఐఓసీపీ వేర్వేరుగా చేసే పనిని అది ఒకే ఇంటర్‌ఫేస్ కిందికి తెస్తుంది. పైథాన్‌లో ఒకే థ్రెడ్‌లో అనేక పనులను కలిపి నడిపే ఎసింక్ఐఓకు వేగం పెంచడానికి 2016లో వచ్చిన యూవీలూప్ కూడా దీని మీదే, పైథాన్ లాంటి కోడ్‌ను సీగా మార్చే సైథాన్ సాయంతో నిర్మితమైంది.

మామూలు లైబ్రరీని మనం పిలుస్తాం, అది ఫలితం ఇచ్చి ఊరుకుంటుంది. ఈవెంట్ల మీద నడిచే లైబ్రరీ మాత్రం మన ఫంక్షన్‌ను దాచుకొని, డేటా వచ్చినప్పుడు తానే పిలుస్తుంది; అలాంటి ఫంక్షనే కాల్‌బ్యాక్. చిక్కంతా ఇక్కడే ఉంది. సీ ఫంక్షన్లను పైథాన్ నుంచి పిలిచే సీటైప్స్ మాడ్యూల్‌లో మీ పైథాన్ ఫంక్షన్‌ను కాల్‌బ్యాక్‌గా చుట్టి, ఆ చుట్టిన ఆబ్జెక్టును ఏ వేరియబుల్‌లోనూ ఉంచకుండా నేరుగా సీ వైపు పంపారనుకోండి. పైథాన్ దృష్టిలో దాన్ని వాడేవారు లేరు కాబట్టి మెమరీ నుంచి తీసేస్తుంది. సీ వైపు మాత్రం పాత అడ్రసే మిగిలి ఉంటుంది. ఒక్కోసారి పనిచేసినట్టే కనిపించి, లోడ్ పెరిగిన రోజున ఏ ట్రేస్‌బ్యాకూ లేకుండా సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ప్రోగ్రాం కూలిపోతుంది. లిబ్‌యూవీ వైపు నుంచి కూడా ఇలాంటి ప్రమాదమే ఉంది: దాని హ్యాండిల్‌ను (కనెక్షన్, టైమర్ వంటి వాటికి అది వాడే ఆబ్జెక్టును) మూసివేయమని చెప్పిన వెంటనే దాని మెమరీని విడుదల చేయకూడదు, మూసివేత కాల్‌బ్యాక్ వచ్చేదాకా ఆగాలి. ఇక కాల్‌బ్యాక్‌లో ఎక్సెప్షన్ వస్తే, సీటైప్స్ దాన్ని సీ కోడ్ దాటించి మీ ట్రై బ్లాక్‌కు చేర్చదు. తెర మీద ఒక సందేశం వేసి వదిలేస్తుంది.

రెండో చిక్కు, ఈవెంట్ల కోసం ఎదురుచూస్తూ తిరిగే ఈవెంట్ లూప్ ఎవరి చేతిలో ఉండాలన్నది. ఎసింక్ఐఓ, లిబ్‌యూవీ రెండూ థ్రెడ్‌ను తామే నడపాలనుకుంటాయి. యూవీలూప్ చేసినట్టు ఒకదాని స్థానంలో మరొకటి పెట్టవచ్చు; లిబ్‌యూవీని వేరే థ్రెడ్‌లో ఉంచి, ఎసింక్ఐఓలోని కాల్‌సూన్‌థ్రెడ్‌సేఫ్ అనే ఫంక్షన్ ద్వారా కబురు పంపవచ్చు. ఆ సంస్థ వారిని ఏ పద్ధతి అనుసరిస్తున్నారో, ఎందుకో తప్పక అడగండి. కారణం చెప్పగలిగిన సీనియర్ అక్కడ ఉంటే ఆ ఆరు నెలలు వృథా కావు. ఎవరూ చెప్పలేకపోతే నేను ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకుంటాను.

చేరేలోపు పాయింటర్లు, ఫంక్షన్ పాయింటర్లు, మెమరీని తీసుకొని విడుదల చేసే మాలక్-ఫ్రీ, తప్పులు పట్టే డీబగ్గర్ జీడీబీ చూసుకోండి. లిబ్‌యూవీతో పూర్తిగా సీలోనే వచ్చిన డేటానే తిరిగి పంపే ఒక ఎకో సర్వర్ రాసి, తర్వాత అదే పనిని ఎసింక్ఐఓలో చేయండి. రెండూ విడివిడిగా నడిచాకే కలపండి. ఆ ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టండి.

నాన్నగారి మాటనూ తేలిగ్గా తీసుకోకండి. జావా ఉద్యోగాలే ఎక్కువ, లిబ్‌యూవీ పేరుతో ఉద్యోగ ప్రకటనలు దాదాపు కనిపించవు. బ్యాకెండ్, నెట్‌వర్కింగ్, సిస్టమ్స్ అన్న పేర్లతోనే వెతుక్కోవాలి. కానీ రేపు జావాకు మారినా, అక్కడి నెట్టీ అనే నెట్‌వర్క్ లైబ్రరీ కూడా ఈవెంట్ లూప్ మీదే నడుస్తుంది, ఆ లూప్‌ను ఆపే పని చేయవద్దన్న నియమం అక్కడా ఉంది. కోర్సు ఫీజు కట్టడం ఆరు నెలల తర్వాత కూడా ఆలోచించవచ్చని ఆయనకు చెప్పండి.

స్టైపెండ్, ఇంటర్న్‌షిప్ తర్వాత ఉద్యోగం ఇస్తారా లేదా అన్నది ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి. ఉండటానికి పీజీ హాస్టల్ కూడా ఎలక్ట్రానిక్ సిటీలోనే చూసుకోండి. స్నేహితులున్నారని మారతహళ్లిలో దిగితే, సీ చదువుకోవలసిన సమయమంతా ట్రాఫిక్‌లోనే పోతుంది.