తువాలు గురించి చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. భూగోళశాస్త్రం, అర్థశాస్త్రం ఆమె సబ్జెక్టులు. పసిఫిక్ మహాసముద్రంలోని తువాలు అనే చిన్న పాలినేషియా దేశం గురించి ఏడాదిగా దొరికినదంతా చదువుతోంది. పీజీలోనూ పరిశోధనలోనూ అదే తీసుకుంటానంటోంది. మునిగిపోయే దేశం గురించి చదివితే ఏం ఉద్యోగం వస్తుందని బంధువులు అడుగుతున్నారు, బీఈడీ చేయించమంటున్నారు. ఫిజీలో చదివిస్తే అక్కడి నుంచి తువాలు, ఆ తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడవచ్చని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఏజెంటు సంగతి తేల్చుకుందాం. ఆయనకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. తువాలు, ఆస్ట్రేలియా 2023 నవంబరులో ఫలెపిలి యూనియన్ అనే ఒప్పందం చేసుకున్నాయి. 2024 ఆగస్టులో అది అమల్లోకి వచ్చింది. దాని కింద ఏటా 280 మందికి ఆస్ట్రేలియాలో ఉండి చదువుకోవడానికి, పని చేసుకోవడానికి వీలుంది. అయితే ఆ అవకాశం తువాలు పౌరులకు మాత్రమే. 2025లో మొదటిసారి లాటరీ పెట్టినప్పుడు కుటుంబ సభ్యులతో కలిపి ఎనిమిది వేల మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. 2017 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభాయే సుమారు 10,600. సొంత పౌరులే ఇంతమంది ఎదురుచూస్తున్న చోట ఫిజీలో డిగ్రీ చేసిన విదేశీ విద్యార్థికి దారి ఎక్కడుంటుంది?

తువాలులోనే ఉద్యోగం అన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. అక్కడ పెద్ద యజమాని ప్రభుత్వమే. ఆ ఉద్యోగాలు సహజంగానే అక్కడి పిల్లలకు వెళతాయి, వెళ్లాలి కూడా. బయటివారిని తీసుకునేది ఎక్కువగా ప్రాజెక్టుల కోసం, కొద్ది కాలానికి, అదీ చాలా ఏళ్ల అనుభవం ఉన్నవారిని.

ఇక బంధువుల ప్రశ్న. ఆ దేశంలో ఉద్యోగం దొరకడం వేరు, ఆ దేశాన్ని చదువుతూ నేర్చుకున్న పనికి ఉద్యోగం దొరకడం వేరు. రెండోది దొరుకుతుంది, ఒక షరతు మీద. మీ అమ్మాయి ‘తువాలు తెలిసిన మనిషి’గా మిగిలిపోకూడదు. ‘తీరరేఖ మార్పును కొలవగల మనిషి’ అనో, ‘సముద్ర చట్టం తెలిసిన మనిషి’ అనో పేరు తెచ్చుకోవాలి. తువాలు ఆమె చేతిలో ఉదాహరణగా ఉండాలి, వృత్తి మాత్రం నైపుణ్యం మీద నిలబడాలి.

‘మునిగిపోయే దేశం’ అన్న మాటను కూడా ఇంట్లో కాస్త పక్కన పెట్టండి. ఆ మాట అన్నాక అక్కడ ఇంకేమీ చదవాల్సింది లేదనిపిస్తుంది, కానీ చదవాల్సింది చాలా ఉంది. తొమ్మిది దీవుల నేలంతా కలిపితే 26 చదరపు కిలోమీటర్లు. ఎంత ఎత్తైన చోటయినా సముద్ర మట్టానికి అయిదు మీటర్ల లోపే. నదులు లేవు. ఇళ్ల కప్పుల మీద పడిన వాన నీటిని ట్యాంకుల్లో పట్టి తాగుతారు. 2011లో వానలు తప్పినప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. పెద్ద పోటు వచ్చిన రోజుల్లో రాజధాని ఫునాఫుటిలో నీరు ఒడ్డు దాటి రావడమే కాదు, పగడపు నేలలోని సందుల గుండా కింద నుంచి కూడా ఉబికి వస్తుంది. గోడ కట్టి ఆపగలిగిన నీరు కాదది. అక్కడివారు పులక అనే చేమ జాతి దుంపను మంచినీటి పొర తగిలే దాకా గుంటలు తవ్వి పెంచుతారు. ఉప్పునీరు చేరిందంటే ఆ గుంట పంటకు పనికిరాదు.

ఇదంతా చదివాక, భూమి తగ్గిపోతోందనే ఎవరైనా అనుకుంటారు. ఆక్లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1971 నుంచి 2014 వరకు తీసిన వైమానిక, ఉపగ్రహ చిత్రాలను పోల్చి 2018లో ఫలితాలు ప్రకటించారు. తువాలు మొత్తం భూమి 2.9 శాతం పెరిగింది! అలలు పగడపు ఇసుకను, గులకను తెచ్చి ఒడ్డున పోయడం దీనికి ఒక ముఖ్య కారణం. ఒకే దీవిలో ఒక అంచు కోసుకుపోతుంటే మరో అంచున మేట వేస్తుంది. అంటే ప్రమాదం లేదని కాదు. నేల విస్తీర్ణం పెరిగిన చోట కూడా గుంటలోకి ఉప్పునీరు చేరవచ్చు, ఇంట్లోకి పోటునీరు రావచ్చు. నేల ఉండటం, ఆ నేల మీద మనిషి బతకగలగడం రెండూ ఒకటి కావు. భూగోళశాస్త్రం చదివే పిల్లకు ఇంతకన్నా మంచి పరిశోధనాంశం నేను చూపించలేను. పైగా ఫునాఫుటికి ఈ శాస్త్రంలో పాత చరిత్ర ఉంది. పగడపు దీవులు ఎలా ఏర్పడతాయన్న డార్విన్ వాదాన్ని పరీక్షించడానికి లండన్ రాయల్ సొసైటీ వారు 1896 నుంచి 1898 దాకా అక్కడే నేలలోకి 300 మీటర్లకు పైగా తొలిచారు.

ఈ నైపుణ్యం మన దేశానికి అవసరమా అంటే, తప్పకుండా అవసరం. లక్షద్వీప్ కూడా ఇలాంటి పగడపు దీవులే. కవరత్తిలో మంచినీటి కోసం చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో సముద్రపు నీటిని శుద్ధిచేసే ప్లాంటు పెట్టింది. మీకు దగ్గరలోనే ఉప్పాడ ఉంది. అక్కడ సముద్రం ఇళ్లను, బీచ్ రోడ్డును ఎలా కోసుకుపోతోందో మీ అమ్మాయి చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంటుంది. ఆమె ఆసక్తి అక్కడే మొదలై ఉంటుందని నా అనుమానం, ఒకసారి అడిగి చూడండి. తీరాన్ని కొలిచి, పటం గీసి, ముందుచూపుతో హెచ్చరించే పని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల కేంద్రం), ఉపగ్రహ చిత్రాలతో నేలను పరిశీలించే జాతీయ దూర సంవేదన కేంద్రం, చెన్నైలోని తీర పరిశోధన సంస్థలు చేస్తున్నాయి. ప్రాజెక్టు ఉద్యోగాలతో మొదలుపెట్టి, అనుభవం వచ్చాక శాశ్వత ఉద్యోగానికి ప్రయత్నించడం ఈ రంగంలో మామూలు. మొదటి నాలుగైదేళ్లు స్థిరత్వం తక్కువని ఇప్పుడే తెలుసుకుని దిగడం మంచిది.

భూమి కన్నా చట్టం వైపు ఆమెకు మక్కువ ఉంటే దారి వేరు. తువాలు 1978 అక్టోబరు 1న బ్రిటన్ నుంచి స్వతంత్రమైంది. రాజు చార్లెస్ ఇప్పటికీ లాంఛనంగా దేశాధినేత. పార్లమెంటులో 16 మంది సభ్యులు, రాజకీయ పార్టీలు లేవు. 2024 ఫిబ్రవరి నుంచి ఫెలెతి తెయో ప్రధాని. ప్రతి దీవిలోనూ పెద్దలు కూర్చునే ఫలెకౌపులే అనే సంప్రదాయ సభకు 1997 నాటి చట్టం స్థానిక పాలనలో అధికారం ఇచ్చింది. ఇంత చిన్న వ్యవస్థ ప్రపంచ చట్టాన్నే ఒక పెద్ద ప్రశ్న అడుగుతోంది: నేల పోతే దేశం పోతుందా? పోదని 2023లో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. తువాలు చొరవతో ఏర్పడిన చిన్న ద్వీప దేశాల కమిషన్ అడిగితే సముద్ర చట్టాల అంతర్జాతీయ ట్రైబ్యునల్ 2024 మేలో సలహా అభిప్రాయం ఇచ్చింది. 2025 జులైలో వాతావరణ మార్పుపై అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం కూడా వచ్చింది. ఈ వైపు వెళ్లాలంటే లా ప్రవేశపరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఆపైన అంతర్జాతీయ చట్టంలో ఎల్ఎల్ఎం చేయాలి. దారి పొడవైనది, ఇంగ్లీషు రాత బాగా పదునుగా ఉండాలి.

అర్థశాస్త్రం కూడా ఆమె సబ్జెక్టే కాబట్టి దాని గురించి కొంచెం. తువాలుకు నేల లేకపోయినా సముద్రం ఉంది. తన జలాల్లో ట్యూనా పట్టే విదేశీ ఓడల నుంచి వచ్చే లైసెన్సు రుసుము ఆ ప్రభుత్వానికి ముఖ్య ఆదాయం. పొరుగు దీవుల దేశాలతో జట్టుకట్టి ఓడలకు వేట రోజులను అమ్ముతుంది. ఒంటరిగా బేరమాడితే దక్కని ధర జట్టుగా దక్కింది. ఇంటర్నెట్‌లో ‘డాట్ టీవీ’ చిరునామాల హక్కు మీద మరికొంత వస్తుంది. 1987లో దాత దేశాల సాయంతో పెట్టిన నిధి పెట్టుబడులు లోటు పూడ్చడానికి పనికొస్తున్నాయి. వాడుకలో ఉన్నది ఆస్ట్రేలియా డాలరు, సొంత కేంద్ర బ్యాంకు లేదు. పరిశోధన పత్రానికి చక్కని విషయమే గానీ, దీని మీదనే కెరీర్ కట్టుకోవాలంటే అర్థశాస్త్రంలో పీజీ, గణాంకాల్లో గట్టి పట్టు కావాలి.

నన్నడిగితే ఆమెకు భూగోళశాస్త్రంలో పీజీ, అందులో దూర సంవేదన, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు గీసి విశ్లేషించే పద్ధతి) ప్రధానంగా ఉండే చోటు సరిపోతుంది. సముద్రశాస్త్రం ఎమ్మెస్సీకి సాధారణంగా గణితం, భౌతికశాస్త్రం అడుగుతారు. బీఏ నుంచి అది కష్టం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర విభాగం ఉంది, ఏపీ పీజీసెట్ రాయించండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల కోసం సీయూఈటీ పీజీ కూడా రాయించండి. పీజీ ప్రాజెక్టు ఉప్పాడ మీదనో గోదావరి డెల్టా మీదనో చేయాలి, తువాలు పీహెచ్‌డీలో పోలికగా రావాలి. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (నెలనెలా ఇచ్చే పరిశోధన భృతి) వస్తే పరిశోధన కాలమంతా మీ మీద భారం ఉండదు. పీజీ అయ్యాక కావాలంటే బీఈడీ చేయవచ్చు. ఇప్పుడే వద్దు.

ఫిజీ చదువు చెడ్డదని నేననను. సువాలోని దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం 1968లో మొదలైంది, తువాలుతో సహా పన్నెండు దేశాల ఉమ్మడి సంస్థ, వాతావరణ మార్పులో పీజీ కూడా ఉంది. 1903 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువారి సంతతి ఆ దేశంలో ఉన్నారు, కాబట్టి మరీ కొత్త చోటు కూడా కాదు. కానీ స్కాలర్‌షిప్ లేకుండా, అప్పు చేసో పొలం అమ్మో పంపవద్దు. పీహెచ్‌డీ దశలో కొన్ని నెలల క్షేత్ర పరిశోధనకు వెళ్లినా ఆమెకు కావలసింది దొరుకుతుంది.

ఈ వేసవిలో ఆమెకు ఒక పని అప్పగించండి. డెహ్రాడూన్‌లోని దూర సంవేదన శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దూర సంవేదన కోర్సులు చెబుతుంది, ఒకటి పూర్తి చేయాలి. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. 1990 నుంచి నేటి దాకా ఉప్పాడ తీరరేఖ గీయాలి. తర్వాత ఫునాఫుటిలోని ఫోంగఫలే దీవికి అదే ప్రయత్నం చేయాలి. సన్నని చోట్ల ఆ దీవి వెడల్పు కొన్ని పదుల మీటర్లే, ల్యాండ్‌శాట్ ఒక్కో గడి 30 మీటర్లు. ఎక్కడ ఈ పద్ధతి చేతులెత్తేస్తుందో, ఇంకా నాణ్యమైన చిత్రాలు ఎందుకు కావాలో ఆమెకే తెలుస్తుంది. ఆ పనిలో భోజనం వేళ మరిచిపోతే భూగోళశాస్త్రమే ఆమె దారి. పటాలు విసుగనిపించి, రాజ్యాంగ సవరణ చదవడానికే మనసు లాగితే లాసెట్‌కు సిద్ధం చేయించండి. పటాలు పూర్తయితే నాకు పంపమనండి, వాటిని చూశాక ఏ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టాలో వివరంగా రాస్తాను.