టోకెలావ్ భాషలోనూ 'మనం', 'మేము' వేరు

"పెద్దగా ఎవరూ మాట్లాడని భాష ఏదైనా నేర్చుకున్నారా? దానివల్ల ఏమైనా ఉపయోగపడిందా?" అని అడిగారు కదా. నేను పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల్లో మాట్లాడే టోకెలావ్ భాష కాస్త నేర్చుకున్నాను. అది కూడా అవసరం పడి.

న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్ పక్కనున్న లోయర్ హట్‌లో ఒక వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా పనిచేసేదాన్ని. అక్కడ ఒక పెద్దావిడ ఉండేవారు. మతిమరుపు జబ్బు ముదిరి ఇంగ్లిష్ పూర్తిగా పోయింది, చిన్నప్పటి భాష ఒక్కటే మిగిలింది. తినిపించబోతే నా చెయ్యి తోసేసేవారు. రోజూ అదే టెన్షన్. వాళ్లమ్మాయి ఒక ఆదివారం వచ్చి కొన్ని మాటలు కాగితం మీద రాసిచ్చింది. పైన 'గగన టోకెలావ్' అని ఉంది. మన గగనమే అనుకున్నాను. కాదట, గగన అంటే భాష, పలకడం 'ఙఙన' అని. చిన్నప్పుడు దిద్దడమే తప్ప ఎప్పుడూ వాడని 'ఙ' అక్కడ పనికొచ్చింది. చేపని 'ఇక' అంటారు.

టోకెలావ్ అంటే అటాఫు, నుకునోను, ఫకాఒఫో అనే మూడు పగడపు దీవులు. విమానాశ్రయం లేదు. సమోవాలోని ఆపియా నుంచి ఓడలో ఒక రోజుకు పైనే పడుతుంది. అక్కడ ఉండేది సుమారు 1,500 మంది, న్యూజిలాండ్‌లో ఉండే టోకెలావ్ మూలాలవాళ్లే అంతకు ఎన్నో రెట్లు. చర్చిలో చాలాకాలం సమోవా భాషే నడిచింది. టోకెలావ్ నిఘంటువు అచ్చయిందే 1986లో.

నాకు బాగా నచ్చింది మాత్రం వాళ్ల సర్వనామాలు. 'తాతౌ' అంటే మనం, 'మాతౌ' అంటే మేము. నాతో పనిచేసే ఇంగ్లిష్ వాళ్లకి ఈ తేడా ఎంత చెప్పినా ఎక్కేది కాదు, నాకు చెప్పే పనే లేకపోయింది. 'మాతౌ'లో మన 'మా' ఉంది అని గుర్తుపెట్టుకున్నాను. పైగా ఇద్దరే అయితే మళ్లీ వేరే మాటలు: నువ్వూ నేనూ అయితే 'తావువ', నువ్వు కాకుండా మేమిద్దరం అయితే 'మావువ'. ఇది మనకీ లేదు.

ఊరంతా కలిసి పట్టిన చేపల్ని ఇంటింటికీ మనుషుల లెక్కన సమానంగా పంచుతారని, వేటకు వెళ్లలేని ముసలివాళ్లకీ వాటా ఉంటుందని వాళ్లమ్మాయి చెప్పింది. దాన్ని 'ఇనాతి' అంటారట.

ఒక సాయంత్రం ప్లేటు పట్టుకుని పక్కన కూర్చుని "ఇక" అన్నాను. పెద్దావిడ నా మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత ఆ చేపముక్కని వేళ్లతో రెండుగా తుంచి, ఒకటి తను తీసుకుని, రెండోది నా వైపు జరిపి "తావువ" అన్నారు. వాళ్ల ప్లేట్లోది మేం తినకూడదని రూలు. తిన్నాను.