చేపలమ్మే ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర. నేను వేటకు వెళ్తాను, మా ఆవిడ చేపలు అమ్ముతుంది. అమ్మాయి బి.ఎఫ్.ఎస్సీ (చేపల శాస్త్రం డిగ్రీ) చివరి ఏడాదిలో ఉంది. రొయ్యల కంపెనీలో చేరమంటే మత్స్యకార మహిళల జీవనోపాధి మీద పరిశోధన చేస్తానంటోంది. దానికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందండి, కాకపోతే దారి కొంచెం పొడుగు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాసి, ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈలో ఫిషరీస్ ఎక్స్‌టెన్షన్ (పరిశోధనను మత్స్యకారుల దగ్గరికి చేర్చే చదువు) గానీ ఎకనామిక్స్ గానీ ఎం.ఎఫ్.ఎస్సీ, అంటే అందులోనే పీజీ, చేయాలి. నా ఓటు ఎకనామిక్స్‌కే, ఎందుకంటే ఈ రంగంలో ఆడవాళ్ల కష్టం గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు గానీ దాన్ని లెక్కగట్టి చూపించేవాళ్లు తక్కువ. తర్వాత పీహెచ్‌డీ, నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష). సముద్ర చేపల మీద పరిశోధించే సీఎంఎఫ్ఆర్ఐ, చేపల సాంకేతికత మీద పరిశోధించే సీఐఎఫ్‌టీ అనే కేంద్ర సంస్థలు రెండింటికీ విశాఖలో కేంద్రాలున్నాయి, చెన్నైలో మత్స్యకారుల తరఫున పనిచేసే ఐసీఎస్ఎఫ్ లాంటి సంస్థలున్నాయి. మొదట్లో దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే, అవి అయిపోగానే ఇంకోటి వెతుక్కోవాలి. ఆ టెన్షన్‌కి మీరూ సిద్ధపడాలి.

చిన్న తరహా చేపల రంగంలో పనిచేసే ప్రతి పదిమందిలో నలుగురు ఆడవాళ్లేనని 2023లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ ఇచ్చిన నివేదిక చెప్పింది. మీ ఇంట్లోనే చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగితే మీ ఆవిడ గంప కూడా ఖాళీయే కదా, కానీ ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే నిషేధ భృతి వేటకు వెళ్లేవాళ్ల లెక్కన వస్తుంది. ఆవిడ రేవులో వేలం పాటకు వెళ్లి అప్పు మీద సరుకు కొని, ఐసు వేసి, ఆటో కిరాయి పెట్టుకుని తిరిగి, సాయంత్రానికి మిగిలింది ఉప్పు పెట్టి ఎండబెడితే, ఆ రాత్రి వాన కురిస్తే అంతా పోయినట్టే. ఆ నష్టం ఎవరి పుస్తకంలోనూ ఉండదు, మీ అమ్మాయి రాయాలనుకుంటున్నది అదే, ఇంతకంటే అవసరమైన పని నాకైతే కనబడటం లేదు.

సెలవులకు వచ్చినప్పుడు వాళ్లమ్మ వెంట ఒక వారం తిరిగి కొన్న ధర, ఐసు, కిరాయి, వడ్డీ, మిగిలిన సరుకు రోజూ రాసుకోమనండి. ఎక్సెల్, స్టాటిస్టిక్స్ ఇప్పట్నుంచే పట్టాలి, ఇంగ్లీషులో రిపోర్టు రాయడం అలవాటు కావాలి. కంపెనీ ఉద్యోగానికి బి.ఎఫ్.ఎస్సీ పట్టా ఎప్పుడైనా పనికొస్తుంది గానీ, ప్రవేశ పరీక్ష చదువు వేడి మీద ఉండగానే రాయాలి, ఈ ఏడాదే దరఖాస్తు పెట్టించండి.