దిగుమతి సుంకం పెంచితే కార్మికుడికి మేలు జరుగుతుందా?

సుంకం పెంచితే ఇక్కడి ఉద్యోగాలు నిలబడతాయి కదా, ఆర్థికవేత్తలు ఎందుకు ఒప్పుకోరని ఒకరు నన్ను అడిగారు. సుంకం ఏ సరుకు మీద అన్నదే అసలు సంగతి. హైదరాబాద్‌లోని బాలానగర్‌లో షీట్ మెటల్ (ఉక్కు రేకుల) పని చేసే చిన్న యూనిట్‌లో నేను కొనుగోళ్లు చూస్తాను కాబట్టి ఇది నాకు రోజూ ఎదురయ్యే విషయం.

2025 ఏప్రిల్‌లో కేంద్రం కొన్ని రకాల ఫ్లాట్ ఉక్కు (షీట్ల వంటి చదునైన ఉక్కు) దిగుమతులపై 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం, అంటే దేశీయ పరిశ్రమను కాపాడే అదనపు సుంకం, వేసింది. ఉక్కు కర్మాగారాలకు ఊరట దొరికింది. మాకు ఆ ఉక్కే ముడిసరుకు. మేము కొనేది దేశీయ షీటే అయినా, దానికి పోటీగా వచ్చే దిగుమతి సరుకు ఖరీదైనప్పుడు దాని ధర కూడా పెరిగింది. పాత రేటుకు ఒప్పుకున్న ఆర్డర్లు మాత్రం పాత రేటుకే ఇవ్వాలి. మా యజమాని ఎవరినీ తీసేయలేదు. ఓవర్‌టైమ్ ఆపారు, కొత్త అప్రెంటిస్‌లను తీసుకోలేదు. ఓవర్‌టైమ్ డబ్బుతో ఇంటి అద్దె కట్టే వెల్డర్‌కు ఇది పెద్ద దెబ్బ. ఉద్యోగాల సంఖ్య చూసేవారికి ఇది కనిపించనే కనిపించదు.

1991 సంస్కరణలపై జరిగిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది. 1990లో 80 శాతం దాటిన సగటు సుంకం 1996 నాటికి 40 శాతం లోపుకు దిగింది. విదేశీ పోటీ వల్ల మన కంపెనీల ఉత్పాదకత పెరిగిందని, ముడిసరుకుల సుంకం తగ్గడం వల్ల అంతకంటే ఎక్కువ పెరిగిందని ఆర్థికవేత్తలు పెటియా టోపలోవా, అమిత్ ఖండేల్వాల్ 2011లో తేల్చారు. మరో ఆర్థికవేత్త పినెలోపి గోల్డ్‌బర్గ్ వీరిద్దరితో, నీనా పావ్‌నిక్‌తో కలిసి 2010లో రాసిన వ్యాసం ప్రకారం, ఆ కాలంలో దేశీయ కంపెనీలు తెచ్చిన కొత్త ఉత్పత్తుల్లో దాదాపు 31 శాతానికి ముడిసరుకుల సుంకం తగ్గడమే కారణం.

అలాగని సుంకాలన్నీ ఎత్తేయమని నేను అనను. సుంకాల కోత ఎక్కువగా తాకిన గ్రామీణ జిల్లాల్లో పేదరికం మిగతా చోట్ల కంటే నెమ్మదిగా తగ్గిందని చూపించింది కూడా టోపలోవాయే. అప్పట్లో దేశం మొత్తంలో పేదరికం తగ్గుతూనే వచ్చింది, ఆ జిల్లాలు మాత్రం వెనకబడ్డాయి. జనం పని వెతుక్కుంటూ జిల్లా దాటి వెళ్లడం చాలా తక్కువ అని ఆమె గమనించారు. మా వెల్డర్‌కు ఇక్కడ పని తగ్గితే నగరంలోని ఇతర పారిశ్రామిక వాడలైన జీడిమెట్లలో అడగవచ్చు, చర్లపల్లిలో అడగవచ్చు. ఒకే పరిశ్రమ మీద ఆధారపడిన ఊళ్లో అతనికి ఆ దారి ఉండదు. సుంకం తగ్గించమని అడిగే మాలాంటి వాళ్లం అక్కడి వారికి శిక్షణ, ప్రయాణ ఖర్చు ఇవ్వమని కూడా అదే గొంతుతో అడగాలి.